వరస కలిసిన కేసు

పొల్లాచ్చి బస్సులో నా ముందు సీటులో ఒక అవ్వ, లా కాలేజీలో చేరబోయే ఆమె మనవరాలు కినత్తుకడవు దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

“ఎండాకాలమంతా కోయంబత్తూరులో వకీలు ట్రైనింగంటివే, ఏమి నేర్చుకొంటివి?”

“ఓడిపోయేది నేర్చుకొంటిని అవ్వా. కడైసి రోజు, పాఠాలన్నీ అయిపోయినాక, ఉత్తుత్తి కోర్టు పెట్టిరి. పక్కతోటలోకి వాలిన కొబ్బరిచెట్టు కాయలు ఎవరివని కేసు. నేను చెట్టున్నోళ్ల వకీలు.”

“ఎదురు వకీలు?”

“కంబం పిల్లోడు, అరవోడే అనుకొంటిని. ఇంగ్లీషులో దంచతా దంచతా, కాగితాలు కిందపడితే ‘అయ్యో దేవుడా’ అని మన తెలుగులో గొణిగినాడు. నేను కేసు వదిలేసి, మీ ఇంటిపేరేమని అడిగితిని.”

“అడగాల్సిందే గదా!”

“మన ఇంటిపేరే అవ్వా! నాకు అన్న వరస. ఇంక నోరు లేస్తుందా? ‘సగం కాయలు నువ్వు తీసుకోన్నా’ అంటిని. జడ్జి సారు తల పట్టుకొన్నాడు. నాకు సున్నా. నాలాంటి వకీలుంటే ఆ చెట్టు సిగ్గుతో ఇంకొంచెం వాలిపోతుంది.”

“పిచ్చిదానా! మీ తాత బతికినన్నాళ్లూ కోర్టుకు తిరిగింది ఎవురిమీద? సొంత అన్నమీద. వరసైనోళ్లను వదిలేస్తే నీకు కేసులెక్కడివే?”