విత్తనానికి వదిలిన కాయ

వంటింటి బల్లకి ఒకపక్క వదిన, ఇంకోపక్క ఆడపడుచు. మధ్యలో నాలుగు విత్తనాల పొట్లాలు. ఇంటాయన పోయి నెలన్నర.

“ఇది కాదు వదినా, ఇది పచ్చిగా తినే కీరా. బొమ్మ చూడు, బారెడు పొడుగు, నున్నటి తొక్క. ఉప్పునీళ్ళలో ఊరేస్తే వారానికే జావైపోతుంది.”

“సరే, తీసేయ్.”

“ఇది పొట్టిరకం. తొక్కంతా బొడిపెలు. ఇది నిలబడుతుందా?”

“నిలబడుతుందేమో.”

“ఏమో ఏంటి? పన్నెండేళ్ళుగా ఊరేస్తున్నదానివి!”

“ఊరెయ్యడం నా పని. ఏ రకం వెయ్యాలో మీ అన్నయ్యే చూసుకునేవారు.”

“నీ జాడీలు కొనే క్యాంటీన్ ఆయన ఏమన్నాడు?”

“కరకరలాడితేనే తీసుకుంటాడట. ఒక్క జాడీ మెత్తబడినా ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.”

“అంటే ఈ పంట తప్పితే నీ బతుకు...”

“అంతే.”

“అంత తాపీగా అంటావేం!”

“ఏమనాలో తోచట్లేదు బుల్లీ. ఏడుపూ రాదు, భయమూ వెయ్యదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది.”

“సర్లే... సర్లే. అసలీ కొట్టు గింజలెందుకు మనకి? అన్నయ్య గింజలున్నాయిగా. ఫోన్లో నా చెవి చిల్లుపడేలా కాయ కరకరా కొరికి, ‘వినపడిందా పిల్లా?’ అనేవాడు చూడు, ఆ రకం.”

“లేవు.”

“లేకపోవడమేంటి? ఏటా ఒక మంచి కాయ కొయ్యకుండా విత్తనానికి వదిలేవాడుగా?”

“ఈసారీ వదిలారు.”

“మరి?”

“ఆ పచ్చ పొట్లం ఇలా ఇవ్వు.”

“మాట మార్చకు. డబ్బాలో చూశావా?”

“డబ్బాలోవి పోయిన పంటకే నాటేశారు. ఇక ఆ ఒక్క కాయే. బాగా పండాక కోసి, గింజ ఇంకా ముదరాలని కిటికీ గట్టు మీద పెట్టారు. పెట్టిన నాలుగో రోజే ఆయన...”

“ఎవరికన్నా ఇచ్చావా? పక్కింటావిడ అడిగిందా?”

“ఎవరికీ ఇవ్వలేదు.”

“అయితే పారేశారన్నమాట! ఎవరో బుర్రలేనిది, పెద్ద సాయం చేస్తున్నట్టు చేతికందిందల్లా చెత్తలో పోసుంటుంది.”

“తిట్టకు.”

“తిడతాను! పదేళ్ళు ఏరి ఏరి నిలబెట్టుకున్న రకం వదినా అది. ఎవరో చెప్పు, ఇప్పుడే వెళ్ళి కడిగేసి వస్తాను.”

“పొట్టిరకమే వేద్దాం. లేతగా ఉన్నప్పుడే తెంపి, పూత ఉన్న కొస కోసేసి ఊరేస్తే కాస్త గట్టిగానే ఉంటాయి.”

“ఎవరు వదినా?”

“వద్దన్నానా!”

“ఎవరు?”

“ఆ రోజు ఇంటినిండా జనం. వంటిల్లు నువ్వే సర్దావు. పసుపుపచ్చగా పండిపోయిన కాయ పట్టుకొచ్చి, ‘ఇది పాడైపోయింది, పడేయనా వదినా?’ అనడిగావు. నేను ‘ఆ’ అన్నాను. ఆ రోజు ఎవరేం అడిగినా నేను ‘ఆ’ అనే అన్నాను బుల్లీ.”