ఎవరి తాత నాటాడు

పార్కు ఆఫీసులో పర్యవేక్షకురాలి గది. పిలిస్తే వచ్చిన ముసలి తోటమాలి, కుర్చీ చూపించినా కూర్చోనని మొండికేసి నిలబడ్డాడు.

“కూర్చో తాతా, నీకో మాట చెప్పాలి.”

“కూర్చోనమ్మా. రేపు రంపం వాళ్లు వస్తున్నారట. ముందు నా మాట వినండి.”

“అదే చెబుతున్నా. ఆ రంపం—”

“పార్కులో ఆ పెద్ద చెట్టు వయసు తేల్చడానికి దాన్ని కొట్టి, మొద్దులో వలయాలు లెక్కపెడతారా? ఎక్కడన్నా ఉందా ఇది?”

“మరేం చెయ్యమంటావు? వరద తగ్గినందుకు మా తాత నాటాడని డాక్టరుగారి ఇంటివాళ్లు అంటారు. అంటే అరవై ఏళ్లు. కాదు, వంతెన కట్టినప్పుడు మా తాత నాటాడని మేష్టారి ఇంటివాళ్లు. అంటే యాభై. లెక్క తేలాలిగా.”

“తేలాక?”

“గెలిచినవాళ్ల తాత పేరుతో మొద్దు మీద ఫలకం. కింద ‘ఈ చెట్టును కంటికి రెప్పలా కాపాడుకుందాం’ అని ఒక ముక్క.”

“మొద్దునా?”

“ఆ ముక్క ముందే చెక్కించేశారు. సరే, అదంతా వదిలెయ్. ఇవాళ పొద్దున—”

“వదలనమ్మా. దాన్ని ఇద్దరి తాతలూ నాటలేదు.”

“ఏంటీ?”

“ఏం లేదు.”

“ఇప్పుడేదో అన్నావు.”

“అన్నానా? ఏదో వాగాను.”

“తాతా.”

“నేను నాటా. ముప్పై ఒక్క ఏళ్లయింది.”

“మరి పాత చెట్టు?”

“ఎరువనుకుని కలుపు మందు పోశా. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయమ్మా. నెల తిరక్కుండా నిలువునా ఎండిపోయింది. పార్కు మూసిన వారంలో కొట్టేసి, అక్కడే మొక్క పెట్టా.”

“అంత చెట్టు పోయి మొక్క వస్తే ఎవరూ చూడలేదా?”

“అప్పటి ఆఫీసరుగారు చూశారు. ‘కొమ్మలు కాస్త ఎక్కువే కత్తిరించావు’ అన్నారు.”

“ఆకులన్నా వేరుగా ఉంటాయిగా?”

“అప్పుడు సన్నాకులు, ఇప్పుడు అరచేయంత. ఆకులెవరు చూస్తారు, చెట్టు పేరు రాసిన బోర్డు చూస్తారు గానీ.”

“ఇది బయటపడితే నీ ఉద్యోగం, పింఛను—”

“పోతే పోనీ. ఆ భయంతోనే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా. పిల్లల్లేనివాణ్ణి, దాన్నే పెంచుకున్నా. దాన్ని కొట్టకండి. రాసుకోండి.”

“రాశాను. ఇక్కడ సంతకం పెట్టు.”

“పెట్టా. ఇక రంపం రాదుగా?”

“రంపాన్ని పొద్దున్నే వద్దన్నాం. రెండు కుటుంబాలూ రాజీ పడి, ఇద్దరు తాతల పేర్లూ పెట్టమన్నారు. అది చెబుదామనే నిన్ను పిలిచా.”

“మరి ముందే చెప్పొచ్చుగా.”

“చెప్పనిచ్చావా?”

“పోనీలెండి. చెట్టు బతికింది, అంతే చాలు.”

“ఎక్కడ బతికింది తాతా? నీ సంతకంతో మూడో వాదం వచ్చి పడింది. ఆ ముప్పై ఒకటి నిజమో కాదో లెక్కపెట్టి చూడాలిగా.”