పిల్లి కింద పుస్తకం

వాన పడి గుర్రప్పందేలు రద్దయిన శనివారం మధ్యాహ్నం, అతను నేరుగా గ్రంథాలయానికి వచ్చాడు. కౌంటర్ అవతల ఎప్పుడూ ఉండే మేడమే ఉంది.

“గడువు దాటి నలభై రోజులైంది మేడం. ఎవరూ అడగరేంటి?”

“ఏ పుస్తకం?”

“పిల్లుల పెంపకం మీద. మా ఆవిడ కార్డు మీద తీసుకుంది.”

“తెచ్చారా?”

“తేలేదు.”

“మరి?”

“అడగరేంటని అడుగుతున్నా.”

“ముప్పై ఏళ్ళ సర్వీసులో, పుస్తకం దాచుకున్న మనిషే వచ్చి నన్ను నిలదీయడం ఇదే మొదలు. ముందు ఆ గొడుగు బయట పెట్టండి, నేలంతా నీళ్ళు.”

“గొడుగు లేదు. నేనే కారుతున్నా.”

“పందేలు లేవా ఇవాళ?”

“రద్దు. ట్రాక్ బురదైపోయింది. ఆరో పందెంలో మంచి గుర్రం ఉండేది.”

“మీకెప్పుడు లేదు?”

“మా ఆవిడా అదే అనేది. అంటుంది. గడువు దాటితే మీరు ఫోన్ చేస్తారు కదా? కార్డు ఎవరిదైతే వాళ్ళకి?”

“చేస్తాం.”

“చేశారా?”

“ఈ ముసురు రేపటిదాకా వదలదట.”

“చేశారా మేడం?”

“పుస్తకం తెచ్చిచ్చేస్తే ఫోన్లెందుకు? మీ ఇల్లు రెండు వీధుల అవతలేగా.”

“తేవడానికి లేదు. ఫేవరెట్ దాని మీదే పడుకుంటోంది.”

“ఎవరూ?”

“పిల్లి. పేరు నేనే పెట్టా. నువ్వు ఫేవరెట్ అన్నది ఏదైనా గెలిచిందా, ఆ పేరొద్దు అంది మా ఆవిడ.”

“దింపెయ్యండి.”

“గీరుతుంది. గీరకుండా ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది. పుస్తకం దాని కింద ఉంది.”

“ఊఁ.”

“మా ఆవిడే వచ్చేది. ఒంట్లో బాగాలేదు.”

“ఊఁ.”

“జ్వరం. ఈ వానలకి.”

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ, ఎవరూ చూడట్లేదనుకుంటుందట.”

“మా పిల్లి పాలు తాగదు.”

“నేను మీ పిల్లి సంగతి చెప్పట్లేదండీ.”

“…వెళ్ళిపోయింది. ఏడు వారాలు. వాళ్ళక్క ఇంటికో, ఇంకెక్కడికో. నా ఫోన్ ఎత్తదు.”

“పుస్తకం ఇచ్చెయ్యండి.”

“ఇచ్చేస్తే ఇంకేముంది? బట్టలు తీసుకెళ్ళింది. కుట్టుమిషను తీసుకెళ్ళింది. పిల్లిని నాకొదిలేసింది. తనది ఇంట్లో మిగిలింది ఆ పుస్తకం ఒక్కటే. మర్చిపోయింది. తనెప్పుడైనా గడువు దాటనిచ్చిందా, మీరే చెప్పండి?”

“లేదు. ఆ గాలివాన రోజు చెట్లు కూలుతుంటే ఒక్కరే నడిచొచ్చారు. పుస్తకాన్ని పాల కవర్లో చుట్టి తెచ్చారు. పుస్తకం పొడిగా ఉంది, మనిషి తడిసి ముద్ద.”

“ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నా. స్కూటర్ ఉంది. నన్ను అడగలేదు.”

“అడిగానన్నారు.”

“…అడిగే ఉంటుంది. రేడియోలో పందేలు వస్తున్నాయి. వేరే ఊరివి.”

“ఊఁ.”

“అందుకే చెప్తున్నా. మీరొక్క ఫోన్ చెయ్యండి. గడువు దాటింది, మీరే తెచ్చివ్వాలి అనండి. పుస్తకం కోసం ఇంటికి రావాలిగా? వస్తుంది. తలుపు తీస్తా. అంతే. ఏం మాట్లాడను.”

“చేశానండీ.”

“ఆఁ?”

“ఫోన్. గడువు దాటిన మర్నాడే చేశాను.”

“ఏమంది?”

“పోయింది అన్నారు.”

“ఏం పోయింది?”

“పుస్తకం. పోయినట్టు రాసుకోమన్నారు.”

“పోలేదు మేడం. ఇంట్లోనే ఉంది. టీవీ పక్కన స్టూలు మీద. తనకి తెలుసు.”

“తెలుసు. స్టూలు మీదుందని ఆవిడే చెప్పారు. మరి వెళ్ళి తెచ్చెయ్యండి అన్నాను.”

“అంటే?”

“ఆ సాయంత్రమే వచ్చారు. అలాంటిదే ఇంకోటి కొనుక్కొచ్చి ఇక్కడ పెట్టారు. ఊళ్ళో దొరకలేదట. పక్క ఊరికి రెండు బస్సులు మారి వెళ్ళారట.”

“రెండు బస్సులా.”

“అదీ వానలోనే.”

“ఇల్లు ఇక్కడే కదా.”

“ఊఁ.”

“పిల్లి గురించి అడిగిందా?”

“తిండి తింటోందా అని అడిగారు. నాకేం తెలుసన్నాను.”

“తింటోంది.”

“వాన కాస్త తెరిపిచ్చినట్టుంది. బయల్దేరండి.”

“సరే. ఇంట్లో ఉన్నది సోమవారం తెచ్చిస్తా మేడం. పిల్లిని ఎలాగో దింపి తెస్తా.”

“అక్కర్లేదండీ. దానికింక గడువు లేదు. మీరే ఉంచేసుకోండి.”