చేదు పాలు

ఆమె పాలగ్లాసు తెచ్చి భర్త ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"తాగండి, చల్లారిపోతాయి."

"ఏమైనా కలిపావా?"

"మొన్న నా గ్లాసులో పాలు పిల్లి తాగింది. మర్నాటిదాకా లేవలేదు. మీ పని అప్పుడు తెలిసింది."

"నాకు రాసిచ్చిన మాత్రలే. నీ కోపం తగ్గాలని కలిపాను. ఇంట్లో గొడవలు ఆగాయా, లేదా?"

"ఆగాయి. కోపంతోపాటు ఏడుపూ ఆగిపోయింది. మా అమ్మ పోయిన రోజు కంట్లో చుక్క నీరు రాలేదు. రాతిగుండె అన్నారు చుట్టాలు. మీరూ తలూపారు."

అతను తేలు కుట్టిన దొంగలా గ్లాసు వంకే చూస్తున్నాడు. ఆమెకు ఆ చూపు తీయగా ఉంది.

"నిజం చెప్పు, ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదు. పాలు చేదుగా ఉన్నాయేంటని నేనడిగితే మీరూ ఇదే చెప్పారు. తాగండి. రేపూ నేనే ఇస్తాను."