టికెట్టు మీది అక్షరం

ట్రావెల్ ఏజెంటు బల్ల ముందు ఆమె ఫోను చేత్తో పట్టుకుని నిలబడే ఉంది.

“రేపటి టికెట్టు ఇవాళ్టికి మార్చు తమ్ముడూ. అమ్మకి మాట పడిపోయిందట.”

“ఇవాళ మీ అక్షరంలో సీటు లేదక్కా.”

“విమానం నిండిపోయిందా?”

“లేదు, ముప్పై ఖాళీ. చవక టికెట్లకి వేరే అక్షరం పెడతారు. దానికి కేటాయించినవి అయిపోతే, ఎన్ని ఖాళీగా ఉన్నా ఇవ్వరు.”

“మరి నాకా అక్షరం ఎందుకేశావు?”

“మీకు నాలుగు డబ్బులు మిగులుతాయని నేనే వెతికి వేశానక్కా.”

“ఖరీదైనదే ఇవ్వు. ఎంతైనా సరే.”

“ఒక్క నిమిషం, చూస్తున్నా.”

ఆమె ఫోను మోగింది. విని పెట్టేసింది.

“దొరికిందక్కా. ఖాయం చెయ్యనా?”

“వద్దులే. అమ్మ ఆగలేదు. ఇక రేపటిది చాలు.”