స్టీరింగు మీద మంచు

గుట్ట మీద టవరు కడుతున్న కాంట్రాక్టరు, జీపుకి డ్రైవరు కావాలని టీకొట్టు దగ్గరికొచ్చాడు. మా బావకి నాలుగు నెలలుగా పనిలేదు. "నువ్వూ పక్కనుండి ఓ మాట సాయం చెయ్యరా" అని మా అక్క, మెకానిక్కుని కదా అని నన్ను తోడు పంపింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదండీ. ఆ గుట్ట ఒక్కసారే ఎక్కాను, పోయిన ఎండాకాలం, మా బావమరిది షెడ్డులో ఉన్న పాత జీపులో. అన్నీ బండరాళ్లు, మనిషి నడిచినంత స్పీడు, మాటిమాటికీ స్టీరింగు ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పాలి. గాలి తగలదు కదా, పవర్ స్టీరింగు ఆయిలు సలసలా కాగిపోతుంది, కాగితే నురగొస్తుంది, నురగొస్తే స్టీరింగు మన మాట వినదు. అందుకని ఆయిలు తిరిగొచ్చే పైపుకి, పాత ఫ్రిజ్జులోంచి తీసిన రాగి గొట్టం మూడు చుట్లు కలిపి రేడియేటరు ముందు కట్టాను. అంతే."

"తెలివైన పనే," అన్నాడు కాంట్రాక్టరు. అక్కడ ఆపితే పని దొరికేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొట్టం మిగిలింది కదా అని నలభై చుట్లు చుట్టేశాను. సగం గుట్ట ఎక్కేసరికి ఆయిలు చల్లబడీ చల్లబడీ స్టీరింగు మీద మంచు పేరుకుంది. వేళ్లు కొంకర్లు పోతుంటే మేజోళ్లు విప్పి చేతులకి తొడుక్కున్నాను."

"నడి ఎండాకాలంలోనా?" అన్నాడు టీకొట్టాయన.

"ఎండాకాలం కాబట్టే బతికాను, చలికాలమైతే బిగుసుకుపోయేవాణ్ణి. ఇంకా వినండి, పైన వాగు అడ్డొచ్చింది. ముందు చక్రాలు ఇలా ఆనించానో లేదో, వాగు గడ్డకట్టేసింది. దాని మీదుగా దాటేశాను. నా వెనకే రెండు లారీలు దాటాయి. మూడో లారీవాడు బీడీ ముట్టించుకుంటూ ఆలస్యం చేశాడు, పాపం, వాడిది మునిగింది."

కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. "రేపు నా జీపులో ఆరుగురు మనుషులు ఎక్కుతారు. నువ్వు చెప్పు, ఇందులో నిజమెంత?"

అక్క గుర్తొచ్చింది. ఆ ఆరుగురూ గుర్తొచ్చారు.

"ఆ జీపుకి పవర్ స్టీరింగే లేదండీ," అన్నాను.

బావ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కాంట్రాక్టరు ముందుకు జరిగాడు.

"అదేం లేకుండానే ఆ బండల మీద ఎక్కించాడా? అయితే మరీ మంచిది. నాక్కావాల్సింది అలాంటి చేతులే."

బావ ముఖం వెలిగింది. నేను నోరు మూసుకోవాల్సింది, మూసుకోలేకపోయాను.

"ఎక్కించింది మా అక్కండీ. బావ వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు."

కాంట్రాక్టరు లేచాడు. "అయితే రేపు పొద్దున ఆరింటికి మీ అక్కని రమ్మను."

ఆయన వెళ్లిపోయాక, బావ చల్లారిన టీ ఓ గుక్క తాగి నా వైపు చూశాడు.

"మొత్తానికి మీ అక్కకి ఉద్యోగం ఇప్పించానా లేదా?"