నాలుగొందల పదిహేడో పేరు

అరవమాకండి హైమక్కా. కింద బట్టల దుకాణంలో మీ ఆయన బేరం ఆపి పైకి చూస్తన్నాడు. నేనేం పారిపోలేదు గదా. మూడు రోజుల నించి ఈ కుర్చీలోనే ఉన్నా.

ఏమన్నారు? ఈ యేసుమణికి పని రాదు, ఒంగోలు నించి ఇంకొకర్ని పిలిపిస్తాననా? పిలిపించండి. మీ పెళ్లిసంబంధాల ఆఫీసుకి ప్రోగ్రాం రాసింది నేను. మొన్న జిల్లాలు మారినప్పుడు అద్దంకి, చీరాల సంబంధాలన్నీ బాపట్ల కింద మార్చింది నేను. వచ్చేవాడికి అందులో ఏది యాడుందో తెలిసేసరికి మాఘమాసం ముహూర్తాలు దాటిపోతాయి.

అసలది ఎట్ల పాడైంది? మంగళవారం మూడింటికి రాహుకాలం. ఆ వేళలో ఎవరి వివరమూ ఎక్కకూడదని, ఇంకొక్క నిమిషం ఉందనంగా మీరు మెయిన్ దించేసినారు. అప్పుడే కొట్టిన వివరం లోపల ఇంకా రాసుకుంటానే ఉంది. సగంలో కరెంటు పోతే ఫైలు పాడవ్వక ఏమైతది?

పోనీ కాపీ ఉందా? పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, శుక్రవారం శుక్రవారం కాపీ తీయండక్కా అని చెప్పినా. మీరేం చేసినారు? దాన్ని దేవుడి అరలో పెట్టి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టినారు. దాంట్లో కుంకం తప్ప ఏం లేదు.

నవ్వొస్తందా? నవ్వండి. నేనైతే నవ్వొచ్చినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటా, మీకు తెలుసు గదా.

అయినా కూచున్నా. పాడైన ఫైలుని అట్లే దాచిపెట్టి, దాని నకలు మీద పనిచేసినా. అంతా ఒక్కసారి తెరవబోతే ఆగిపోతంది. అందుకని పది పది పేర్లుగా బయటికి లాగినా. లాగిన ప్రతిదీ మీ పాత కాయితాలతో సరిచూసినా. రెండు వేల మంది పైన. ముప్పైనాలుగు మందివి అసలుకే రాలేదు. వాళ్లకి ఫోన్లు చేసి నక్షత్రాలు, పుట్టిన తేదీలు మళ్లీ అడిగి ఎక్కించినా.

అన్నీ వచ్చినాయి, పేరు పక్కన గుర్తు పెట్టే ఆ ఒక్క గడి తప్ప. అదే గదా మీ గొడవ?

పొద్దున గుంటూరు వాళ్లొస్తే తెర మీద పెద్దారవీడు పక్క ఊరి అమ్మాయి ఫోటో వచ్చింది. ఆ పిల్ల పళ్లు చూసి వాళ్ల మొహాలు మారినాయి. మీకు తల కొట్టేసినట్లయింది. పేరు పక్కన గుర్తుండాల, గుర్తుంటే బయటోళ్లకి కనపడకూడదు, అదెట్ల పోయిందని నన్ను నిలదీస్తన్నారు.

ఆ గుర్తు రాయించుకున్న రోజు ఏం చెప్పినారక్కా? సంబంధం ఖాయమైనోళ్లకి అన్నారు. నమ్మి రాసిచ్చినా. మొన్న ఒక్కొక్క పేరే చూస్తంటే తెలిసింది. రెండొందల తొమ్మిది మంది ఆడపిల్లలు. ఒక్కరికీ ఖాయం కాలేదు. అందరివీ ఫ్లోరైడు బోరు నీళ్ల ఊళ్లే. ఆ నీళ్లకి గార పట్టిన పళ్లే.

మీరు కంభం చెరువు నీళ్లు తాగి పెరిగినారు, మీ పళ్లు తెల్లగుంటాయి. మంచిదే. మా అమ్మ దానమ్మ తర్లుపాడు పక్కన కూలికి పోయి వస్తా ఆ బోరు కాడే బిందె నింపుకొచ్చేది. ఇంకేం తాగాల మేము? మా ఊళ్ల మగపిల్లోళ్లూ ఆ నీళ్లే తాగినారు. ఒక్కడి పేరు పక్కనన్నా ఉందా గుర్తు? వెతికినా. లేదు.

తెర అటు తిప్పమాకండి, ఇంకా ఉంది.

నాలుగొందల పదిహేడో పేరు కాడ నా చెయ్యి ఆగిపోయింది. మూడేళ్ల కింద, నీ పెళ్లి నా బాధ్యత మణీ అని, ఇడ్లీ పెట్టి మరీ మీ చేత్తో ఎక్కించినారు నా వివరం. బోర్డు మీద అన్ని కులాలూ అన్ని మతాలూ అని రాయించినారు గదా, నిజమే అనుకున్నా. ఎప్పుడడిగినా ఇంకా ఎవరూ రాలేదమ్మా అంటారు. ఎట్ల వస్తారు? నా పక్కనా గుర్తుంది. నన్ను దాచే ప్రోగ్రాం నేనే రాసిచ్చినా.

ఆ గుర్తులు పాడవ్వలేదక్కా. ఫైలు మొత్తంలో అన్నిటికన్నా శుభ్రంగా వచ్చింది ఆ గడే. నేనే తీసేసినా.

నిజం చెప్తన్నా, ముందు నాదొక్కటే తీసినా. తీసి, కిందకి పోయి టీ తాగినా. గ్లాసు సగం కూడా దిగలేదు, అంత సిగ్గనిపించింది. పైకొచ్చి మిగతా రెండొందల ఎనిమిదీ తీసేసినా.

మళ్లీ కావాలంటే పెట్టుకోండి. కుర్చీ ఇదిగో. ఒక్కొక్క పేరు తెరిచి మీ చేత్తోనే కొట్టండి. ముందు నాది. నేను ఇక్కడే మీ పక్కన నిలబడి చూస్తా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోను.

ఇప్పుడు రాహుకాలం కూడా లేదు, చూసినా. మొదలుపెట్టండి.